స్మారకానికి వెనకవైపు

కిందటి నెల మా కార్యకర్తల శిక్షణ శిబిరంలో రెండో రోజు మధ్యాహ్నం చరిత్ర పాఠం నా వంతు. ప్రతిఘటనోద్యమాల్లో స్త్రీల పాత్ర గురించి మాట్లాడుతూ ఒక పాత ఫోటో చూపించాను. 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న పోలండ్‌లో, వార్సా యూదుల ఘెట్టోలో తీసిన ఫోటో అది. ముగ్గురు యువతులు పట్టుబడి నిలబడి ఉన్నారు. ఆయుధాలతో పోరాడిన స్త్రీలు వీళ్ళు అని చెప్పి, తరవాతి బొమ్మకి వెళ్ళబోతుంటే వెనక వరసలోంచి ఒకామె లేచి, "అక్కా, ఈ ఫోటో తీసిందెవరు?" అని అడిగింది.

పదిహేనేళ్ళుగా ఈ ఫోటో చూపిస్తున్నాను. ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకై నేను చెప్పనూ లేదు.

తీసింది చంపినవాళ్ళే. ఘెట్టోని అణచివేసిన ఎస్.ఎస్. అధికారి యూర్గెన్ స్ట్రూప్ తన ఘనకార్యాన్ని పై అధికారులకి చూపించుకోవడానికి ఒక నివేదిక తయారు చేయించాడు. మంచి తోలు అట్టలు వేయించి, ఫోటోలు అంటించి, కింద అందమైన అక్షరాలతో వ్యాఖ్యలు రాయించాడు. వార్సాలో ఇక యూదుల నివాసం లేదు అన్నది దాని శీర్షిక. పట్టుబడ్డవాళ్ళూ చంపినవాళ్ళూ కలిపి 56,065 మంది అని లెక్క రాసుకున్నాడు. చేతులు పైకెత్తి నిలబడ్డ చిన్న పిల్లవాడి ఫోటో చాలామంది చూసే ఉంటారు, అదీ ఆ ఆల్బమ్‌లోదే. స్త్రీలు మగవాళ్ళతో సమానంగా కాల్పులు జరిపారనీ, లోదుస్తుల్లో పిస్తోళ్ళూ గ్రెనేడ్లూ దాచుకుని చివరి క్షణంలో విసిరారనీ కూడా ఆ నివేదికే చెబుతుంది. అంటే యూదు స్త్రీల సాయుధ ప్రతిఘటనకి అధికారిక సాక్ష్యం హంతకుడి చేతిరాతలో ఉంది. అతన్ని 1952లో వార్సాలోనే ఉరి తీశారు. ఆల్బమ్ మాత్రం మిగిలింది. ఇవాళ మనం జ్ఞాపకం చేసుకునేదంతా చాలావరకు అతని కెమెరా కంటితోనే.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ సంపాదకీయం అందుకే. తిరగబడ్డవాళ్ళని తరవాతి కాలం ఎలా స్మరిస్తుంది, ఆ స్మరణలో ఎవరిని ముందు నిలబెడుతుంది, ఎవరిని వెనక్కి నెడుతుంది అన్నది స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనకి పరాయి విషయం కాదు.

తెలియనివారి కోసం ముందు కొంత నేపథ్యం. 1940 నవంబరులో వార్సా ఘెట్టోకి గోడ కట్టి మూసేశారు. లోపల సుమారు 4 లక్షల మంది. ఆకలితో, టైఫస్‌తో వేలకి వేలు చనిపోయారు. 1942 జులై నుంచి సెప్టెంబరు దాకా రెండున్నర లక్షలకి పైగా జనాన్ని రైళ్ళలో ట్రెబ్లింకాకి తరలించి విషవాయువుతో చంపారు. మిగిలిన యాభై, అరవై వేల మందిలోంచి, ఎక్కువగా ఇరవయ్యేళ్ళ వయసువాళ్ళు, పోరాట సంస్థలు కట్టారు. 1943 ఏప్రిల్ 19న, యూదుల పాస్కా పండుగ ముందురోజు, జర్మన్ సైన్యం మిగిలినవాళ్ళని తరలించడానికి లోపలికి వస్తే వీళ్ళు కాల్పులతో ఎదుర్కొన్నారు. రెండు సంస్థలూ కలిపి కొన్ని వందల మంది. కొద్దిపాటి పిస్తోళ్ళు, ఇంట్లో చేసుకున్న బాంబులు. గెలుస్తామని ఎవరూ అనుకోలేదు. అయినా దాదాపు నాలుగు వారాలు నిలబడ్డారు. సైన్యం ఒక్కొక్క ఇంటినీ తగలబెట్టుకుంటూ వెళ్ళి, చివరికి మే 16న పెద్ద సినగాగ్‌ని పేల్చేసి పని అయిపోయిందని ప్రకటించింది.

సరిగ్గా అయిదేళ్ళకి, 1948 ఏప్రిల్ 19న, ఆ శిథిలాల మధ్యే స్మారకం వెలిసింది. శిల్పి నాథన్ రాపొపోర్ట్. హిట్లర్ విజయ చిహ్నాలు కట్టడానికి స్వీడన్‌లో ఆర్డరిచ్చిన రాయినే దీనికి వాడారు. రాతి గోడకి ముందువైపు కంచు విగ్రహాలు. మధ్యలో యువ నాయకుడు మొర్దెహాయ్ అనిలేవిచ్, తలకి కట్టు, చేతిలో గ్రెనేడ్, నిటారుగా. చుట్టూ పోరాడుతున్నవాళ్ళు. వెనక మంటల్లో బిడ్డని ఎత్తుకున్న తల్లి. గోడకి వెనకవైపు రాతిలో చెక్కిన మరో దృశ్యం ఉంది. వంగిన భుజాలతో, తలలు దించుకుని, చావుకి నడిచి వెళుతున్న ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. దూరంగా సైనికుల టోపీలూ బాయ్‌నెట్లూ మాత్రం కనిపిస్తాయి. 1970 డిసెంబరులో జర్మన్ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకాళ్ళ మీద కూలబడింది ఈ స్మారకం ముందే.

శిల్పాన్ని నేను తప్పుపట్టడం లేదు. చుట్టూ ఇటుకల గుట్టలు తప్ప ఏమీ లేని చోట, బంధువులందరినీ పోగొట్టుకున్న మనుషుల కోసం కట్టింది అది. కానీ దాని అమరిక చూడండి. ముందువైపు పోరాటం, వెనకవైపు మరణం. ముందువైపు యోధులు, వెనకవైపు బాధితులు. ఒక గోడ మనుషుల్ని రెండు జాతులుగా విడగొట్టింది. పూలదండలు వేసేది ముందువైపే.

ఇజ్రాయెల్‌లో కూడా జరిగింది ఇదే. అక్కడి పార్లమెంటు 1951లో సంస్మరణ దినాన్ని నిర్ణయించినప్పుడు దాని పేరులోనే మారణహోమంతో పాటు ఘెట్టో తిరుగుబాటునీ చేర్చింది. 1959 చట్టంలో ఆ పేరు మారణహోమ, వీరత్వ దినంగా స్థిరపడింది. అరవై లక్షల మంది చావుకి పక్కన వీరత్వాన్ని జత చేస్తే తప్ప కొత్త రాజ్యానికి ఆ చావుల్ని తల్చుకోవడం ఇబ్బందిగా ఉండేది. గొర్రెల్లా నడిచి వెళ్ళారు అన్న నిందని బతికొచ్చినవాళ్ళు మొహం మీదే విన్నారు. ఎందుకు తిరగబడలేదని అడిగారు. అత్యాచారం కేసులో కోర్టు మెట్లెక్కిన ఏ స్త్రీకైనా ఈ ప్రశ్న కొత్తది కాదు. గాయాలేవీ, అరిచిన సాక్ష్యమేదీ, ఎందుకు ఎదిరించలేదు అని మన న్యాయస్థానాలు ఎన్నిసార్లు అడగలేదు!

ఇక ప్రతిఘటన అంటే గ్రెనేడే అనుకున్నా, ఆ గ్రెనేడ్ గోడ దాటి లోపలికి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఉంటుంది కదా. తెచ్చింది ఎక్కువగా ఆడపిల్లలు. ఫ్రుమ్కా ప్లోట్నిత్స్కా బంగాళాదుంపల మూట అడుగున తుపాకులు పెట్టుకుని ఘెట్టోలోకి తెచ్చింది. వ్లాద్కా మీడ్ డైనమైట్ తెచ్చింది, పిల్లల్ని బయటికి చేర్చింది. టోస్యా ఆల్ట్‌మన్ దొంగ కాగితాలతో రైళ్ళెక్కి ఊరూరూ తిరిగి, ఒక ఘెట్టోలో జరిగిన హత్యాకాండ కబురు మరో ఘెట్టోకి మోసుకెళ్ళింది. హీబ్రూలో వీళ్ళని 'కషారియోత్' అన్నారు. సంబంధం కలిపేవాళ్ళు అని అర్థం. కొరియర్లు అంటే ఇవాళ పార్శిల్ తెచ్చే కుర్రాళ్ళు గుర్తొస్తారు గానీ, మన పోరాటాల భాషలో ఆ మాటకున్న బరువు మన పాఠకులకి తెలుసు.

ఈ పని స్త్రీల మీద ఎందుకు పడిందో ఆలోచిస్తే సమాజశాస్త్రం చదివినదాన్నిగా నాకు చాలా ఆసక్తిగా ఉంటుంది. యూదు మగవాడిని అనుమానం వస్తే బట్టలు విప్పించి సున్తీ చూసి పట్టుకోవచ్చు. ఆడవాళ్ళకి ఆ గుర్తు లేదు. రెండోది ఇంకా విచిత్రం. సంప్రదాయ కుటుంబాల్లో మగపిల్లల్ని మతం చదువుకి పంపారు, ఆడపిల్లల చదువుకి అంత విలువ లేదు కనక వాళ్ళని మామూలు పోలిష్ బడికి పంపారు. దాంతో ఆడపిల్లలకి యాస లేని పోలిష్ వచ్చింది, ఇరుగుపొరుగు కాథలిక్ పిల్లల తీరుతెన్నులు తెలిశాయి. పితృస్వామ్యం చేసిన ఒక చిన్నచూపు అనుకోకుండా అస్త్రమైంది. జుట్టుకి రంగు వేసుకుని, కాథలిక్ ప్రార్థనలు నేర్చుకుని, బుట్ట చేత్తో పట్టుకుని, తనిఖీ చేసే సైనికుడితో నవ్వుతూ మాట్లాడుతూ దాటిపోయేవాళ్ళు. ఆ నవ్వుకి ఎంత ధైర్యం కావాలో!

వాళ్ళలో చాలామంది బతకలేదు. మురుగు కాలువల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ టోస్యా, రెండు వారాలకి దాక్కున్న ఫ్యాక్టరీలో మంటలంటుకుని ఒళ్ళు కాలి, పట్టుబడి చనిపోయింది. పాతికేళ్ళు కూడా నిండలేదు. ఫ్రుమ్కా 1943 ఆగస్టులో బెన్జిన్ అనే ఊళ్ళో ఒక బంకర్‌లో పోరాడుతూ చనిపోయింది. వాళ్ళ వృత్తాంతాన్ని తోటి యూదు చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ 1942లోనే, అంటే తిరుగుబాటుకి ఏడాది ముందే, గొప్ప రచయిత రాయదగినదని తన డైరీలో రాసుకున్నాడు. 1946లో న్యూయార్క్‌లో ఒక యూదు స్త్రీల సంఘం ఘెట్టో స్త్రీల గురించి ఇడ్డిష్ భాషలో పుస్తకమే వేసింది. తరవాత అది గ్రంథాలయాల అరల్లోకి పోయింది. దాన్ని ఆధారం చేసుకుని జూడీ బాటాలియన్ రాసిన 'ద లైట్ ఆఫ్ డేస్' 2021లో వచ్చినప్పుడు పత్రికలన్నీ ఎవరికీ తెలియని కథ అని రాశాయి. తెలియకపోవడమేమిటి? డెబ్భై అయిదేళ్ళ ముందే అచ్చయింది. తెలిసిన విషయాన్ని తెలియకుండా చేయడానికి కూడా సమాజం కష్టపడాలి.

జివియా లుబెట్కిన్ సంగతి ఇంకొకటి. ఈమె కబుర్లు మోసిన మనిషి మాత్రమే కాదు, యూదు పోరాట సంస్థని స్థాపించినవాళ్ళలో ఒకరు, దాని నాయకత్వంలో ఉన్న స్త్రీ. రహస్య ఉత్తరాల్లో 'జివియా' అన్న పేరునే పోలండ్‌కి సంకేతంగా వాడేవారు. తిరుగుబాటులో పోరాడింది, బతికింది, పాలస్తీనా చేరింది, ఘెట్టో యోధుల కిబ్బుట్జ్‌నీ మ్యూజియాన్నీ కట్టినవాళ్ళలో ఉంది, 1961లో ఐక్‌మన్ విచారణలో సాక్ష్యం చెప్పింది. అనిలేవిచ్ పేరున కిబ్బుట్జ్ వెలిసింది, అక్కడ రాపొపోర్టే చెక్కిన మరో విగ్రహం, చేతిలో మళ్ళీ గ్రెనేడ్. ఆయన మీద అసూయతో అనడం లేదు, 24 ఏళ్ళకే ప్రాణమిచ్చినవాడు. కానీ బతికి, నడివయసు చేరి, రోజువారీ పనులు చేసుకున్న స్త్రీ విగ్రహానికి పనికిరాదు కాబోలు.

ఇక గ్రెనేడ్ కాని ప్రతిఘటన. రింగెల్‌బ్లుమ్ ఘెట్టోలో రహస్యంగా ఒక బృందాన్ని కూర్చి, లోపలి జీవితాన్ని నమోదు చేయించాడు. రేషన్ కార్డులు, బడిపిల్లల వ్యాసాలు, పోస్టర్లు, మిఠాయి కాగితాలతో సహా పోగు చేశారు. రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టారు. ఆ బృందంలో అరవై మంది దాకా ఉంటే బతికింది ముగ్గురు. వారిలో రాహెల్ ఔర్‌బాఖ్ ఒకామె. ఘెట్టోలో ఉచిత గంజి కేంద్రం నడిపింది. రోజూ గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళలో ఎవరు నిన్న వచ్చారో, ఎవరు ఇవాళ రాలేదో ఆమెకి తెలుసు. ఎంత పెట్టినా వాళ్ళు బతకరనీ తెలుసు. పెడుతూనే ఉంది, రాస్తూనే ఉంది. 1946 ఏప్రిల్‌లో తిరుగుబాటు మూడో వార్షిక సభలో, అందరూ వీరుల గురించి మాట్లాడుతుంటే, ఆమె లేచి శిథిలాల కింద ఉన్న ఆ కాగితాలు తవ్వి తీయమని అడిగింది. ఆ సెప్టెంబరులో మొదటి పెట్టెలు దొరికాయి. 1950 డిసెంబరులో పాల క్యాన్లు దొరికాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. ఆమె ఆనాడు అలా అడిగి ఉండకపోతే, స్ట్రూప్ ఆల్బమ్‌కి ఎదురుగా పెట్టడానికి మన చేతిలో ఎంత ఉండేది?

ఆ కాగితాల్లో సెసిలియా స్లెపాక్ చేసిన అధ్యయనం ఒకటుంది. రింగెల్‌బ్లుమ్ కోరిక మీద 1941-42 చలికాలంలో ఆమె ఘెట్టో స్త్రీలని కూర్చోబెట్టి మాట్లాడించి రాసింది. ఎవరు ఏం అమ్ముకుని బతుకుతున్నారు, భర్త పోయాక ఇల్లు ఎలా నడుస్తోంది, గోడ దాటి సరుకు తెచ్చేది ఎవరు, ఒళ్ళమ్ముకోవలసి వచ్చింది ఎవరికి. వాళ్ళని తీర్పు చెప్పే కంటితో కాక, బతుకుతెరువు వెతుక్కునే మనుషులుగా చూసింది. ఆ ఏడాదే ఆమెని ట్రెబ్లింకాకి పంపించారు. నేను ఎం.ఫిల్. కోసం ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఫ్యాను లేదనీ టేప్ రికార్డరు మొరాయించిందనీ విసుక్కునేదాన్ని. అది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వీటన్నిటినీ స్మరణలోకి తెచ్చే ప్రయత్నం లేకపోలేదు. చరిత్రకారుడు యెహుదా బావర్ ప్రతిఘటన అనే మాట అర్థాన్నే విశాలం చేశాడు. రహస్యంగా బడి నడపడం, రొట్టె దొంగతనంగా తేవడం, తెలిసీ గంజి పొయ్యడం, కవిత్వం చదవడం అన్నీ 'అమిదా', నిలబడటం అన్నాడు. 1983లో న్యూయార్క్‌లో జోన్ రింగెల్‌హైమ్, ఎస్తర్ కాట్జ్ బతికి బయటపడ్డ స్త్రీల మీద సదస్సు పెట్టారు. అభ్యంతరాలు వచ్చాయి. నాజీలు యూదులని చంపారు గానీ స్త్రీలని స్త్రీలుగా చంపలేదు, విడదీసి మాట్లాడితే మారణహోమం చిన్నదైపోతుంది అన్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. చావులో అందరూ యూదులే. అయితే గర్భిణి అయినందుకో చంకలో బిడ్డ ఉన్నందుకో రైలు దిగగానే నేరుగా గ్యాస్ చాంబర్‌కి పంపబడ్డ తల్లి చావుకి ఆమె స్త్రీ కావడంతో సంబంధం లేదని ఎలా అంటాం? దళిత స్త్రీల గురించి విడిగా మాట్లాడితే ఉద్యమం చీలిపోతుందని మనకి చెప్పినవాళ్ళ గొంతు ఇందులో నాకు వినిపిస్తుంది.

స్మరణని ప్రభుత్వాల చేతిలోంచి లాక్కున్న మనిషి మారెక్ ఎడెల్‌మన్. తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. బతికి, పోలండ్ వదలకుండా, లోడ్జ్ నగరంలో గుండె వైద్యుడిగా పనిచేశాడు. 1983లో నలభయ్యేళ్ళ ఉత్సవాన్ని సైనిక ప్రభుత్వం ఘనంగా చేయబోతే, జనం నోరు నొక్కేస్తున్నవాళ్ళు స్వేచ్ఛ కోసం చచ్చినవాళ్ళకి ఉత్సవం చేయడమేమిటని గౌరవ సంఘంలో చేరడానికి నిరాకరించాడు. 2002లో పాలస్తీనా పోరాటకారులకి బహిరంగ లేఖ రాసి, మామూలు జనాన్ని చంపొద్దని చెబుతూనే వాళ్ళని తిరుగుబాటుదారులుగా సంబోధించి ఇజ్రాయెల్‌లో చాలామందికి కోపం తెప్పించాడు.

ఆయన రచయిత్రి హన్నా క్రాల్‌కి చెప్పిన సంగతుల్లో ఒకటి నేను మర్చిపోలేను. పోలా లిఫ్షిట్స్ అనే అమ్మాయి ఇంటికి వచ్చేసరికి తల్లి లేదు. రైలుకి తోలుకెళ్ళే గుంపులో ఉందని తెలిసింది. కాబోయే భర్త రిక్షాలో ఎక్కించుకుని తీసుకెళితే, పరుగెత్తి ఆ గుంపుని అందుకుని, లోపలికి దూరి, తల్లితో పాటు రైలెక్కింది. తుపాకీ పట్టుకున్నవాళ్ళ చావు కన్నా ఇలాంటి చావు తక్కువది కాదన్నది ఆయన జీవితాంతం పట్టిన పంతం. గ్రెనేడ్ విసిరిన మనిషే ఆ మాట అన్నాడు. ఈ పోలా స్మారకానికి ఏవైపు ఉంటుంది?

ఎడెల్‌మన్ ఏటా ఏప్రిల్ 19న స్మారకం దగ్గర పసుప్పచ్చ డాఫొడిల్ పూలు పెట్టేవాడు. 2009లో ఆయన పోయాక, 2013 నుంచి ఆ స్మారకం ఎదురుగా వెలిసిన యూదు చరిత్ర మ్యూజియం వాళ్ళు కాగితపు డాఫొడిల్స్ చేసి వార్సా వీధుల్లో పంచుతున్నారు. దుస్తులకి పెట్టుకుంటే దూరం నుంచి ఆనాటి పసుపు నక్షత్రంలా కనిపిస్తుంది. 2023లో, ఎనభయ్యేళ్ళ సందర్భంలో, పోలండ్, జర్మనీ, ఇజ్రాయెల్ అధ్యక్షులు ముగ్గురూ స్మారకం ముందు నిలబడ్డారు. ఆ ఏడాదే మ్యూజియం లోపల పెట్టిన ప్రదర్శన మాత్రం పోరాటకారుల గురించి కాదు. ఆ నాలుగు వారాలూ నేలమాళిగల్లో, బంకర్లలో దాక్కుని, బయటికి రమ్మన్నా రాకుండా ఉండిపోయిన సుమారు 50 వేల మంది మామూలు జనం గురించి. పైన ఇళ్ళు కాలుతుంటే, ఊపిరాడని చీకట్లో పిల్లల నోళ్ళు మూసుకుని, ఉన్న కాస్త నీళ్ళు పంచుకున్నవాళ్ళు. వాళ్ళు రాసుకున్న కాగితాలే ఆ ప్రదర్శనకి ఆధారం. వాళ్ళు దాక్కోకపోతే జర్మన్లకి ఆ పని కొద్ది రోజుల్లో అయిపోయేది. ఇది గుర్తించడానికి ఎనభయ్యేళ్ళు పట్టింది.

మన దగ్గర 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ నోటితో చెప్పిన చరిత్ర. కబుర్లు మోసిందీ, అన్నం వండి దాచిందీ, తుపాకీ పట్టిందీ, పోరాటం ఆగిపోయాక ఇక ఇంటికి వెళ్ళమంటే ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయిందీ చెప్పారు. వార్సాకీ నల్లగొండకీ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు, ఆ మారణహోమానికి పోలికలు వెతక్కూడదు. కాకపోతే ఆ పుస్తకం పనిచేసిన పద్ధతి, స్లెపాక్ పనిచేసిన పద్ధతి ఒకటే. పక్కన కూర్చుని అడగడం. ఆ స్త్రీల మాట మనం అందుకోవడం ఆలస్యమై ఉంటే వాళ్ళ గురించి మనకి మిగిలేది పోలీసు రికార్డులూ, సైన్యం తీసిన ఫోటోలూ. మన జిల్లాల్లో గత ముప్ఫై, నలభై ఏళ్ళుగా సారా వ్యతిరేకోద్యమంలో, భూమి పోరాటాల్లో నిలబడ్డ స్త్రీల సంగతి ఇప్పుడెలా ఉందో చూసుకోవాలి. వాళ్ళకి అరవై, డెబ్భై ఏళ్ళొచ్చాయి. వచ్చే సంచిక నుంచి వాళ్ళ మాటలకి కొన్ని పేజీలు కేటాయిస్తున్నాం. మీ ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, రాసి పంపండి. భాష దిద్దకండి.

శిబిరంలో ఆ రోజు నేను జవాబు చెప్పాక ఆమె కూర్చోలేదు. "మరి వాళ్ళ పేర్లేంటక్కా?" అంది. స్ట్రూప్ ఆల్బమ్‌లో పేర్లు లేవు. తరవాతి కాలంలో గుర్తించినవి ఉన్నాయి. కుడివైపు ఉన్నామె మాల్కా జ్ద్రోయెవిచ్, మాయ్‌దానెక్ శిబిరం నుంచి బతికి బయటపడి తన కథ తనే చెప్పుకుంది. పక్కన ఉన్నవాళ్ళు బ్లుమా, రాహెలా విషోగ్రోద్స్కా. బోర్డు మీద మూడు పేర్లూ తెలుగులో రాశాను. పలకడానికి ఇబ్బంది పడుతూ, రెండుసార్లు నా చేత పలికించుకుని, ఆమె హాజరు పట్టీ వెనక రాసుకుంది.